జన్యుమార్పిడి పంటల మీద పుస్తకాలు: కొత్తవి ఏవి, పాతవి ఎక్కడ?

దర్శి కుర్రాడు (ఆదివారం ఉదయం)

అందరికీ నమస్కారం. మాది దర్శి దగ్గర పల్లె. ఊళ్లో పాత పంచాయతీ గది ఖాళీగా పడి ఉంటే పెద్దోళ్లను అడిగి నలుగురు కుర్రాళ్లం చదువుకునే గదిగా మార్చుకున్నాం. రెండు బీరువాలు, బెంచీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలు ఎవరో ఒకరు ఇస్తానే ఉన్నారు. నేను అడిగేది వేరే.

మా దగ్గర పత్తి, మిరప, కంది ఎక్కువ. సాయంత్రం గది ముందు కూర్చుంటే బీటీ విత్తనాల (కాయపురుగును చంపే బాక్టీరియా జన్యువు పెట్టినవి) గొడవ రాని రోజు లేదు. "కలుపుమందు కొట్టినా చావని ఆ బీజీ-3 పత్తి వేస్తే కలుపు కూలీ మిగులుద్ది" అని ఒకరు, "ఆ గింజల నూనె తింటే పిల్లలు పుట్టరు" అని ఇంకొకరు. ఎవరి దగ్గరా ఒక్క కాగితం ఉండదు, అంతా ఫోన్‌లో వచ్చిందే. అందుకని ఒక అర మొత్తం ఈ విషయం మీద పుస్తకాలు పెడదామని చందాలు వేసుకున్నాం. 4,000 రూపాయల దాకా జమైంది.

ఒంగోలులో షాపులో అడిగితే "ఏ పరీక్షకి బాబూ?" అన్నాడు. ఏవి కొత్తవి కొనాలి, ఏవి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా నష్టం లేదు, ఎక్కడ దొరుకుతాయి? ఇంగ్లీషైనా పర్లేదు, మాలో చదివి చెప్పేవాళ్లు ఉన్నారు. రెండు వైపుల మాటా ఉండాలి.

బాపట్ల బ్యాచ్

తమ్ముడూ, ముందే చెప్పేస్తున్నా, నేను విత్తనాల వ్యాపారంలో ఉన్నాను. నా మాట ఆ లెక్కలోనే తీసుకో.

4,000లో ఒక్క రూపాయి తీయకముందు ఊరికే దొరికేవి దింపుకో. నాగపూర్ కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టరుగా చేసిన కె.ఆర్. క్రాంతి 2012లో బీటీ పత్తి మీద ప్రశ్నలు-జవాబులుగా ఒక చిన్న పుస్తకం రాశారు. ఇంగ్లీషే గానీ వాక్యాలు చిన్నవి, ఇంటర్ చదివిన ఎవరికైనా అర్థమవుద్ది. మీ బెంచీ మీద వచ్చే ప్రశ్నల్లో సగం అందులో ఉంటాయి. పీడీఎఫ్ నెట్‌లో తిరుగుతోంది.

రెండోది, అమెరికా నేషనల్ అకాడమీస్ వాళ్లు 2016లో జన్యుమార్పిడి పంటల మీద తెచ్చిన నివేదిక. అచ్చు పుస్తకం కొంటే చాలా ఖరీదు, వాళ్ల సైట్‌లో పీడీఎఫ్ మాత్రం ఉచితం. దాదాపు 600 పేజీలు. మొత్తం ప్రింట్ తీయించొద్దు, ముందున్న సారాంశం చాలు.

ఇక నూనె సంగతి. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు ఉండదు కాబట్టి బీటీ ప్రొటీన్ కూడా మిగలదు. ఆ పిల్లల పుకారుకి మాత్రం ఒక వేరు ఉంది. పత్తి గింజలో గాసిపాల్ అనే పదార్థం పుట్టుకతోనే ఉంటుంది, బీటీ అయినా నాటు పత్తి అయినా సరే. చైనాలో ఒకప్పుడు దాన్ని మగవాళ్ల గర్భనిరోధక మందుగా వాడి చూశారు. నూనె శుద్ధి చేసేటప్పుడు అది పోతుంది. తమాషా ఏంటంటే గింజలో ఆ గాసిపాల్‌ను బాగా తగ్గించిన పత్తిని తయారుచేసింది జన్యుమార్పిడితోనే. టెక్సాస్‌లో కీర్తి రాథోడ్ అనే మన దేశం శాస్త్రవేత్త చేశారు, 2018లో అక్కడ సాగుకు అడ్డు తొలగింది.

రొయ్యల గుంట (ఇందుకూరుపేట)

మీ పత్తి గొడవ మీది. మా రొయ్యల మేతలో సోయా పిండి ఉంటుంది, 2021లో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి తలుపు తీసింది. అది కోళ్ల మేత కోసమని అన్నారు. దాని మీద కూడా పుస్తకం ఉంటే చెప్పండయ్యా, నేను కూడా ఓ 500 వేస్తా.

పెన్నా గట్టు

బాబూ దర్శి, నేను నెల్లూరులో బోటనీ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. పాత పుస్తకాల పిచ్చి ఇంకా రిటైర్ కాలేదు.

ఈ విషయం మీద పుస్తకం చేతికొస్తే అట్ట కంటే ముందు టైటిల్ వెనక పేజీ చూడాలి. అచ్చైన ఏడు అక్కడుంటుంది. నవలైతే ఏ ఏడుదైనా ఒకటే. దీనికి అట్టా కుదరదు, ఏ ఏడులో ఏం జరిగిందో తెలిస్తే ఆ పుస్తకానికి ఏం తెలుసో, ఏం తెలియదో మనకే అర్థమవుతుంది.

మన దేశంలో బీటీ పత్తికి అనుమతి 2002 మార్చిలో వచ్చింది, మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు హైబ్రిడ్లకు. కాబట్టి 2001 నాటి పుస్తకం ఎంత గొప్పదైనా అది మన చేను చూసి రాసింది కాదు. రెండు బీటీ జన్యువులున్న బోల్‌గార్డ్-2 వచ్చింది 2006లో. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి రకం బీటీకి చావడం లేదని ఆ జన్యువు తెచ్చిన మోన్‌శాంటో కంపెనీయే 2010లో చెప్పింది. తర్వాత కొన్నేళ్లకు బోల్‌గార్డ్-2 కూడా దానికి అలవాటైపోయింది. 2009లోపు అచ్చైన పుస్తకాల్లో ఆ పురుగు చచ్చిపోయినట్టే రాసి ఉంటుంది. బీటీ వంకాయ మీద అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ మారటోరియం (నిలుపుదల) పెట్టింది 2010 ఫిబ్రవరి 9న. బంగ్లాదేశ్ అదే వంకాయకు 2013లో అనుమతిచ్చింది. జన్యువును కోరిన చోట సవరించే క్రిస్పర్ పద్ధతి గురించి 2012కి ముందు పుస్తకాల్లో వెతకొద్దు. మోన్‌శాంటోని బేయర్ కొన్నది 2018లో, దాని తర్వాత ఆ పేరే బోర్డు మీద నుంచి పోయింది.

అట్టాగని పాతవి వద్దనడం లేదు. ఆశ ఎట్టా పుట్టిందో, భయం ఎట్టా పుట్టిందో పాతవాటిలోనే తాజాగా ఉంటుంది. డేనియల్ చార్లెస్ రాసిన "లార్డ్స్ ఆఫ్ ది హార్వెస్ట్" 2001 నాటిది. ల్యాబుల్లో ఎవరు ఎవరితో పోటీపడ్డారో, కంపెనీ లోపల ఏం నడిచిందో విలేఖరి చెప్పినట్టు చెబుతాడు. అది సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్లు మూసుకుని తీసుకో. కొత్తది కోసం డబ్బు పెట్టే రకం కాదు.

ఫుట్‌పాత్ మీద నిలబడి పుస్తకం మొత్తం చదవలేం గదా. వెనక ఇండెక్స్ తిప్పి మూడు చూడు: గులాబీ పురుగు (పింక్ బోల్‌వార్మ్), రెఫ్యూజ్, తెల్లదోమ (వైట్‌ఫ్లై). బీటీ ప్రొటీన్ కాయతొలిచే పురుగుల మీద పనిచేస్తుంది, తెల్లదోమ లాంటి రసం పీల్చేవాటి మీద పనిచేయదు. పొగిడే పుస్తకమైనా తిట్టే పుస్తకమైనా ఈ తేడా పట్టించుకోకపోతే పొలం సంగతి వాళ్లకు తెలీదన్నమాట. రెఫ్యూజ్ అంటే మన ప్యాకెట్‌లో ఒకప్పుడు వేరుగా వచ్చిన చిన్న నాన్ బీటీ పొట్లం. 450 గ్రాముల బీటీ గింజలకి 120 గ్రాముల పొట్లం ఇచ్చేవాళ్లు, పురుగు బీటీకి అలవాటు పడకుండా చుట్టూ సాళ్లు వేయమని. ఎంతమంది వేశారో మీ బెంచీ మీదే అడుగు. గులాబీ పురుగు ఎందుకు మొండికెత్తిందో సగం జవాబు అక్కడే వస్తుంది.

మార్కాపురం పలక

మాస్టారు గారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ ఈ పుస్తకాల్లో చాలా భాగం కంపెనీల డబ్బు వాసన కొడతాయి. పేరు పక్కన ప్రొఫెసర్ అని ఉంటే చాలు మనం నమ్మేస్తాం. బీటీ వచ్చాకే పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నేను ప్రకృతి వ్యవసాయం చేస్తున్నాను, నా చేలో ఒక్క ప్యాకెట్ విత్తనం కొనను. తమ్ముడూ, వందనా శివ "స్టోలెన్ హార్వెస్ట్" తీసుకో, 2000లోది. పార్లమెంటు స్థాయీ సంఘం 2012 ఆగస్టులో ఇచ్చిన నివేదిక కూడా దింపుకో. బాసుదేవ్ ఆచార్య దానికి అధ్యక్షుడు, అన్ని పార్టీల వాళ్లూ అందులో ఉన్నారు. జన్యుమార్పిడి పంటల క్షేత్ర ప్రయోగాలు ఆపమని చెప్పారు.

లెనిన్ సెంటర్

పలక అన్నా, నాది పొదిలి. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. పార్లమెంటు నివేదిక మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటా, అది అరలో ఉండాల్సిందే. ప్రాణాల మాట మాత్రం మన జిల్లా వాళ్లం కాస్త ఆచితూచి మాట్లాడాలి. 1987-88లో మన ప్రకాశంలోనూ గుంటూరులోనూ తెల్లదోమ వచ్చి పత్తి మొత్తం పోయింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి ఎంతమంది పోయారో మా నాన్నను అడిగితే పేర్లతో సహా చెబుతాడు. అప్పటికి బీటీ పత్తి సాగులోనే లేదు, మనకు రావడానికి ఇంకా 14 ఏళ్లుంది. బీటీతోనే మొదలైందని రాసిన పుస్తకం మన ఊరి వాళ్లకు ఎట్టా ఎక్కుద్ది?

మార్కాపురం పలక

సరే, 87 నిజమే, మా పెదనాన్న కూడా ఆ ఏడాదే పత్తి మానేశాడు. కానీ 2002లో వరంగల్‌లో ఆ మెక్ రకాలు దెబ్బకొట్టలేదా? 2005లో వాటికే మన రాష్ట్రంలో అనుమతి పొడిగించలేదు గదా. ప్యాకెట్ 1,850 పెట్టి అమ్మారు. 2006లో మన ప్రభుత్వమే, గుత్త వ్యాపారం మీద ఫిర్యాదులు చూసే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు వెళ్లి 750కి దింపించింది. అంటే అప్పటిదాకా ఆ పైన ఉన్నదంతా ఎవరి జేబులోకి పోయినట్టు? మీరు చెప్పే పుస్తకాల్లో అది ఉందా?

బాపట్ల బ్యాచ్

అన్నా, ఈ పాయింట్ మీదే. ప్యాకెట్ ధరలో కంపెనీ తీసుకున్న రాయల్టీ గొడవ రాయకుండా బీటీ కథ రాసిన పుస్తకం నా దగ్గర కూడా ఉంది, దిగుబడి గ్రాఫులు మాత్రం రంగుల్లో ఉంటాయి.

అందుకే ఇంకో పుస్తకం చెబుతా. ఆండ్రూ ఫ్లాక్స్ అనే మానవశాస్త్రవేత్త 2019లో తెచ్చిన "కల్టివేటింగ్ నాలెడ్జ్". తెలంగాణ పల్లెల్లో ఉండి బీటీ పత్తి వేసేవాళ్లతోనూ సేంద్రియ పత్తి వేసేవాళ్లతోనూ మాట్లాడి రాశాడు. రైతు విత్తనం ఎట్టా ఎంచుకుంటాడు, పక్క చేను చూసా, షాపాయన మాట వినా, అనేదే అందులో అసలు ప్రశ్న. అతని కంటే ముందు గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్లో ఇదే పని చేశాడు. ఆయనవి ఎక్కువగా వ్యాసాలు. ఫ్లాక్స్ పుస్తకం సెకండ్ హ్యాండ్‌లో రావడం కష్టం, దీనికి మాత్రం కొత్తదానికి డబ్బు పెట్టు.

పెన్నా గట్టు

మంచి సలహా. దానికి జోడీగా పమేలా రోనాల్డ్, రావుల్ ఆడమ్‌చాక్ కలిసి రాసిన "టుమారోస్ టేబుల్". భార్య వరి జన్యు శాస్త్రవేత్త, భర్త సేంద్రియ రైతు. ఒకే ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి, పలక గారికి కూడా నచ్చొచ్చు. మొదటి కూర్పు 2008, రెండోది 2018. పాతది సగం ధరకు వస్తుందని తొందరపడొద్దు, రెండో కూర్పే తీసుకో.

ఈ పమేలా రోనాల్డ్‌కి మన అన్నం పళ్లెంతో చుట్టరికం ఉంది. వరిలో ఎండాకు తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ-21 జన్యువును 1995లో వేరు చేసింది ఆవిడ ల్యాబే. హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధనా సంస్థ కలిసి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబ మసూరిలో ఉన్న మూడు జన్యువుల్లో అదొకటి. అయితే దాన్ని అందులోకి తెచ్చింది జన్యుమార్పిడితో కాదు, మామూలు సంకరంతోనే. ఏ మొక్కలోకి జన్యువు వచ్చిందో మార్కర్లతో, అంటే డీఎన్‌ఏలో జాడ చెప్పే గుర్తులతో, పట్టుకుని ఎంచుకుంటూ పోయారు.

రొయ్యల గుంట (ఇందుకూరుపేట)

ఆగండి మాస్టారూ. మొన్న టీవీలో సాంబ మసూరిని కూడా జన్యువులు మార్చేశారన్నారు. మరి మేము తినే బీపీటీ అదేనా కాదా? మా ఆవిడ బియ్యం బస్తా ముందు కూర్చుని టెన్షన్ పడుతోంది.

బాపట్ల బ్యాచ్

బస్తాలోది పాత బీపీటీ-5204 గురువుగారూ, 1986లో మా బాపట్లలోనే పుట్టింది. టీవీలో చెప్పింది కమల అనే కొత్త రకం గురించి, డీఆర్‌ఆర్ ధాన్ 100. సాంబ మసూరిలోనే ఉన్న ఒక జన్యువును క్రిస్పర్‌తో సవరించి చేశారు. దాంతోపాటే పూసా డీఎస్‌టీ రైస్-1 అని ఇంకోటి, మన కాటన్ దొర సన్నాల నుంచి చేసింది. రెండూ 2025 మే 4న ప్రకటించారు. వీటిలో బయటి జన్యువు చివరికి మిగలదు. అందుకే 2022 మార్చిలో కేంద్రం ఇలాంటి సవరణలకు జన్యుమార్పిడి పంటల నిబంధనల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు సరైందా కాదా అన్నది వేరే గొడవ, దాని మీద పలక అన్న వర్గం గట్టిగానే మాట్లాడుతోంది.

తమ్ముడికి పనికొచ్చే మాట ఏంటంటే 2022కి ముందు అచ్చైన పుస్తకం ఏదీ ఈ సంగతి చెప్పలేదు. అరలో పుస్తకాల పక్కన ఒక ఫైలు పెట్టి పేపర్ కటింగులు దాచండి. జన్యుమార్పిడి ఆవాలు డీఎంహెచ్-11 కూడా అంతే. 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది, 2024 జూలైలో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చెరోమాట చెప్పారు. అది పుస్తకాల్లోకి ఎక్కేసరికి మీ గదిలో ఫ్యాను మారుద్ది.

లెనిన్ సెంటర్

ఇక కొనే సంగతికి వద్దాం, అదే కదా అడిగింది.

నెల్లూరు ట్రంకు రోడ్డు, ఒంగోలు కర్నూలు రోడ్డు షాపుల్లో ఇవి దొరకవు, ఆశ పెట్టుకోవద్దు. ఆర్డరు పెడితే తెప్పిస్తారు గానీ అడ్వాన్స్ తీసుకుని నెలలు తిప్పే షాపులూ ఉన్నాయి. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు ఉన్నాయి, ఇంజనీరింగ్, మెడికల్ గుట్టల కింద అప్పుడప్పుడూ అగ్రికల్చర్ బయటపడుద్ది. హైదరాబాదులో కోఠి, ఆదివారమైతే ఆబిడ్స్ ఫుట్‌పాత్. నెల్లూరు వాళ్లకు మద్రాసే దగ్గర. సెంట్రల్ స్టేషన్ పక్కనే పాత మూర్ మార్కెట్ కొట్లు ఉన్నాయి. 1985లో అసలు మార్కెట్ తగలబడ్డాక అక్కడికి వచ్చినవి. పొద్దున రైలుకి పోయి రాత్రికి తిరిగి రావచ్చు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తకాల పండుగలో పాత పుస్తకాల స్టాళ్లు కూడా ఉంటాయి, అక్కడ చివరి రెండు రోజుల్లో బేరం బాగా కుదురుద్ది. మోసుకుపోవడం దండగని వాళ్లే దింపుతారు.

చేతిలోకి తీసుకున్నాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ పది అంకెలే ఉంటే అది 2007కి ముందు అచ్చు అనుకో, 13 అంకెలు ఆ ఏడాది నుంచి వచ్చాయి. 978 తర్వాత 81 గానీ 93 గానీ ఉంటే మన దేశం ప్రచురణ, ధర రూపాయల్లో వేసి ఉండాలి. ఆ ధర మీద తెల్ల స్టిక్కర్ అంటించి ఉంటే గోటితో లేపి చూడు. కాలేజీ ముద్ర ఉంటే "విత్‌డ్రాన్" అని కూడా ఉందో లేదో చూడు. లేకపోతే అది ఎవరో తిరిగివ్వని లైబ్రరీ పుస్తకం, మీ గదికి ఆ మచ్చ ఎందుకు? కుట్టు దగ్గర పేజీలు తెరిచి వాసన చూడు. మన వైపు సముద్రపు గాలికి బూజు లోపల నుంచి పడుద్ది, బయట అట్ట మాత్రం నిగనిగలాడుద్ది.

పెన్సిల్ గీతలు ఉంటే భయపడొద్దు. నా దగ్గర బీటీ పత్తి మీద ఒక పాత పుస్తకం ఉంది, లెనిన్ సెంటర్‌లో 150కి ఇచ్చాడు. ముందు ఎవరిదో తెలియదు, వ్యవసాయ శాఖలో పనిచేసిన మనిషి అయ్యుంటాడు. దిగుబడి పట్టికలున్న ప్రతి పేజీ పక్కనా గుండ్రటి తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు. ఒకచోట "ఏ నేల? నల్లరేగడా, ఎర్రనేలా?" ఇంకోచోట "నీరు పెట్టారా లేదా చెప్పలేదు". మందు ఖర్చు సగానికి తగ్గిందన్న వాక్యం కింద రెండు గీతలు కొట్టి "కాయపురుగుకి సరే. దోమకి కొట్టిన మందు ఎక్కడ కలిపారు?" అని. పుస్తకం రాసినాయన కంటే ఈయన దగ్గరే నేను ఎక్కువ నేర్చుకున్నా. అది అమ్మను, కావాలంటే ఫోటోలు పంపిస్తా.

కావలి అక్క

నేను పోస్టాఫీసులో పనిచేస్తాను, ఈ చర్చ చదువుతూ ఒకటి చెప్పాలనిపించింది. పాత బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో తీసేశారు, దాంతో పుస్తకాలు పంపేవాళ్లు చాలా ఇబ్బంది పడ్డారు. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది. 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. ట్రాకింగ్ కూడా ఉంటుంది. రోడ్డు, రైలు మీదే వస్తుంది కాబట్టి స్పీడ్ పోస్ట్ అంత త్వరగా రాదు. విజయవాడ తమ్ముడు దర్శికి పుస్తకాలు పంపాలనుకుంటే అన్నీ ఒకే కట్టగా కట్టి పంపితే చవక. కౌంటర్‌లో జ్ఞాన్ పోస్ట్ అని పేరు పెట్టి అడగండి, లేకపోతే అలవాటుగా స్పీడ్ పోస్ట్ కొట్టేస్తారు. ప్లాస్టిక్ కవరు లోపల, అట్టముక్కలు మూలల దగ్గర. వానాకాలం సంచుల సంగతి మాకే తెలుసు.

దర్శి కుర్రాడు

అక్కా, చాలా థ్యాంక్స్. అందరికీ కూడా.

ఒక డౌటు. ఆన్‌లైన్‌లో ఒకతను మొక్కల బయోటెక్నాలజీ పాఠ్యపుస్తకం "లైక్ న్యూ" అని 650కి పెట్టాడు. 2003 కూర్పు. ఇంకోచోట "సీడ్స్ ఆఫ్ డిసెప్షన్" 300కి ఉంది, అది కూడా 2003దే. రెండూ తీసుకోనా?

బాపట్ల బ్యాచ్

పాఠ్యపుస్తకం వద్దు. 2003 పాఠ్యపుస్తకంలో క్రిస్పర్ లేదు, బోల్‌గార్డ్-2 లేదు, అందులో మిగిలేది డీఎన్‌ఏ కోసి అతికించే పద్ధతి, అది ఇంటర్ పుస్తకాల్లో కూడా ఉంది. కొత్త కూర్పు ఎవరైనా సీనియర్ అమ్మేటప్పుడు తీసుకో. మీ దగ్గర కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది కదా, దర్శిలోనే, అక్కడ అడిగితే వ్యవసాయ కాలేజీ పిల్లల నంబరు దొరకొచ్చు.

"లైక్ న్యూ" అన్నవాడిని టైటిల్ వెనక పేజీ ఫోటో, మధ్యలో ఏదో ఒక పేజీ ఫోటో పంపమను. నాకు ఒక సైట్ నుంచి ఇట్టాగే జిరాక్స్ కాపీ వచ్చింది. అట్ట రంగుల్లో ఉంది, లోపల బొమ్మలన్నీ నల్లటి మరకలు. తిరిగి పంపిస్తామంటే "సెకండ్ హ్యాండ్‌కి రిటర్న్ లేదు" అన్నారు.

పెన్నా గట్టు

"సీడ్స్ ఆఫ్ డిసెప్షన్" 300కి అయితే తీసుకో. జన్యుమార్పిడి తిండికి వ్యతిరేకంగా జెఫ్రీ స్మిత్ అందులో చెప్పిన వాదనలే మీ ఫోన్లలో ఇప్పుడు తిరుగుతున్న వాటిలో చాలావాటికి మూలం. మూలం చేతిలో ఉంటే వాదన ఎక్కడ మొదలైందో పట్టుకోవచ్చు. కానీ దాని పక్కనే మార్క్ లైనస్ "సీడ్స్ ఆఫ్ సైన్స్" ఉండాలి, 2018లోది. రాత్రిపూట చేలలోకి దూరి జన్యుమార్పిడి మొక్కలు పీకేసిన మనిషి, 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో రైతుల సభ ముందు క్షమాపణ చెప్పాడు. ఎందుకు మారాడో ఆ పుస్తకం. ఈయన కూడా కొన్నిచోట్ల కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్ల ఉత్సాహంతో రాస్తాడు, అది గమనించి చదవండి.

ఎలుకల కణుతుల ఫోటోలున్న పుస్తకం గానీ పాంప్లెట్ గానీ ఎవరైనా ఇస్తే, అది జన్యుమార్పిడి మొక్కజొన్న తిన్న ఎలుకలకు కణుతులొచ్చాయన్న సెరాలినీ 2012 వ్యాసంలోది. పత్రిక 2013లో దాన్ని వెనక్కి తీసుకుంది, 2014లో ఇంకో పత్రిక మళ్లీ వేసింది. ఆ మూడు సంగతుల్లో ఒకటే చెప్పిన పుస్తకాన్ని కింది అరలో పెట్టు.

మార్కాపురం పలక

కింది అరలో పెట్టమన్నారు, పారేయమనలేదు, సంతోషం.

తెలుగు మాట ఎవరూ ఎత్తలేదు. పుస్తకంగా చెప్పుకోదగ్గవి నాకు కనపడలేదు. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల వ్యవసాయ పంచాంగం ఏటా వస్తుంది, లాం నుంచి. పత్తి రకాలు, పురుగులు, మందుల మోతాదులు తెలుగులో ఉంటాయి. ఆ మందుల భాగం నాకు అక్కర్లేదు గానీ మీ ఊళ్లో కావాలి. అది మాత్రం పాతది కొనొద్దు, నిషేధించిన మందులు పాత పంచాంగంలో ఇంకా సిఫారసుగానే ఉంటాయి. దీంట్లో ప్రాణం సంగతి ఉంది.

పాత వ్యవసాయ పత్రికలు మాత్రం బంగారం. 2002 నుంచి 2006 దాకా పత్తి గురించి ఏం రాశారో చూడాలంటే పాత అన్నదాత సంచికలు కిలోల లెక్కన పాతపేపర్ల కొట్లో కూడా పడతాయి. నేను కనిగిరిలో ఒక గుట్ట పట్టుకున్నా. వేటపాలెం సారస్వత నికేతనం కూడా ఉంది, 1918 నాటిది, పత్రికలు దాచడంలో దానికి పేరుంది. ఒకప్పుడు మన జిల్లాదే, ఇప్పుడు బాపట్ల. కొనడానికి కాదు, కూర్చుని చదివి రాసుకోవడానికి.

రొయ్యల గుంట (ఇందుకూరుపేట)

నా సోయా పుస్తకం సంగతి ఎవరూ తేల్చలేదు.

బాపట్ల బ్యాచ్

నేషనల్ అకాడమీస్ నివేదికలో పశువుల మేత మీద భాగం ఉంది గురువుగారూ. ఉచితం. మీ 500 దర్శి తమ్ముడికి పంపేయండి.

దర్శి కుర్రాడు (బుధవారం రాత్రి)

ఈ రోజు కూర్చుని తేల్చాం. ఫ్లాక్స్ పుస్తకం, "టుమారోస్ టేబుల్" రెండో కూర్పు కొత్తవి ఆర్డరు పెట్టాం, డబ్బులో ఎక్కువ భాగం వాటికే పోయింది. "సీడ్స్ ఆఫ్ డిసెప్షన్" అతను ఫోటోలు పంపాడు, అసలైనదే, తీసుకున్నాం. 650 పుస్తకం అతన్ని వెనక పేజీ ఫోటో అడిగితే జవాబు లేదు. క్రాంతి గారి పుస్తకం, పార్లమెంటు నివేదికలో ముఖ్యమైన పేజీలు, జైరాం రమేశ్ వంకాయ నిర్ణయం కాగితాలు ప్రింట్ తీయించి బైండింగ్‌కి ఇచ్చాం. మిగిలింది 600. లెనిన్ సెంటర్ అన్నా, లైనస్ పుస్తకం గానీ "లార్డ్స్ ఆఫ్ ది హార్వెస్ట్" గానీ అక్కడ కనపడితే ఆ డబ్బులో తీసుకోగలవా? ఆ పెన్సిల్ పేజీల ఫోటోలు కూడా పంపు అన్నా, గోడకు అంటిస్తాం.

బీజీ-3 గురించి బెంచీ మీద నిన్న మళ్లీ గొడవ. దానికి అనుమతే లేదు, బిల్లు లేకుండా లూజు ప్యాకెట్లలో అమ్ముతున్నారు, మొలక రాకపోతే ఎవరినీ అడగలేమని క్రాంతి గారి పీడీఎఫ్‌తో పాటు బిల్లు పుస్తకం కూడా చూపించి మా బాబాయి చెప్పాడు. ఇద్దరు విన్నారు. ఒకాయన లేచి వెళ్లిపోయాడు.

లెనిన్ సెంటర్

శనివారం ఆ వైపు పోతున్నా, చూస్తా. 600 ఇప్పుడే పంపొద్దు, దొరికాక చూద్దాం. కావలి అక్క చెప్పినట్టు ఒకే కట్టగా పంపుతా, నా దగ్గర రెండు మూడు అదనపు కాపీలు కూడా ఉన్నాయి, అవీ వేస్తా.

మార్కాపురం పలక

బైండింగ్ అయ్యాక ఆ పార్లమెంటు నివేదిక నాకు వారం రోజులు ఇస్తావా తమ్ముడూ? ప్రింట్‌లో చదవాలని ఎప్పటి నుంచో ఉంది, ఫోన్‌లో కళ్లు లాగుతున్నాయి. బదులుగా నా అన్నదాత గుట్టలోంచి పత్తి సంచికలు ఏరి తెచ్చి పెడతా. చెదపురుగు ఉంది, ముందే చెబుతున్నా, బీరువాలో పెట్టే ముందు ఒక రోజు ఎండలో వేయండి.